అసహ్యం డ్యూటీ

మూడు రోజులపాటు నేను వంకాయని అసహ్యించుకున్నాను. ఆ అసహ్యం నాది కాదు. మా స్టోర్ కీపర్ రమణమూర్తిగారిది.

ఆయనకి పుట్టినప్పట్నుంచీ వంకాయ పడదు. ముచ్చిక చూస్తేనే కడుపులో తిప్పుతుందంటాడు. ఒక మధ్యాహ్నం పనేమీ లేక, ఆయన్ని చెప్పే కుర్చీలో కూర్చోబెట్టి, నేను వినే కుర్చీలో కూర్చుని, ఇద్దరి నెత్తినా తీగల టోపీలు తగిలించి, స్విచ్చి వేసి, "వంకాయ గురించి చెప్పండి సార్" అన్నాను. ఇరవై నిమిషాలు చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళ మేనత్త బలవంతంగా నోట్లో కుక్కిన పుచ్చుముక్క దగ్గర మొదలుపెట్టాడు. అందులో పురుగు ఎంత పొడుగుందో వేలితో కొలిచి మరీ చూపించాడు. స్విచ్చి కట్టేశాక ఆయన సరాసరి క్యాంటీనుకెళ్ళి గుత్తివంకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నేను సరాసరి బాత్రూముకెళ్ళాను. రెండు జిల్లాల్లో ఉన్న వంకాయ తోటలన్నీ తగలబెట్టి ఆ బూడిదని కూడా ఎక్కడైనా దూరంగా పాతిపెట్టాలనిపించింది. నాలుగోరోజు పొద్దున్న లేచేసరికి ఆ బాధ దానంతటదే పోయింది.

ఇది తెలిసి మా డైరెక్టర్ ఇందుశేఖర్‌గారు నన్ను తిడతారనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు. "చెప్పినవాడికి పోయింది, విన్నవాడిలో మూడ్రోజుల్లో ఆవిరైపోయింది. ఇంతకన్నా ఆధారం ఏం కావాలి" అని తెల్లబోర్డు మీద రాసుకున్నారు. అలా నేను చేసిన వెధవపని ఒక సిద్ధాంతమైంది.

మా కేంద్రం ఏలూరు బైపాస్ పక్కన, ఒక సోఫాల షోరూము పై అంతస్తులో ఉండేది. సైన్యంలో చేసి వచ్చినవాళ్ళ మనసు బాగుచేయడం మా పని. టోపీలు తగిలించడం, స్విచ్చి వేయడం, ఫారాలు నింపించడం నా వంతు. వాళ్ళని పీడించేది భయమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, భయం కన్నా మొండిది అసహ్యమని డైరెక్టర్‌గారు కనిపెట్టారు. శవాలు మోసిన చేతులతో అన్నం కలుపుకోలేనివాళ్ళు, కాలిన వాసన ముక్కులోంచి పోక పెళ్ళాం పక్కన కూర్చోలేనివాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మందులకి లొంగని ఆ రోగం ఒక్కదానికే కొంచెం లొంగేది. అలాంటిదే చూసిన ఇంకో సిపాయి ఎదురుగా కూర్చుని వింటే చాలు, కాసేపు తేలికపడేవారు. ఆ కాసేపట్లో ఇద్దరి మెదళ్ళూ ఒకే తాళంలో కొట్టుకుంటాయి. మా టోపీలు ఆ తాళం తప్పనివ్వవు. అది తప్పకుండా ఇరవై నిమిషాలు నడిస్తే, చెప్పేవాడి అసహ్యం వినేవాడికి వెళ్ళిపోతుంది. జ్ఞాపకం ఉంటుంది, దాని కంపు పోతుంది. సిపాయిలు దీన్ని బట్టలుతికే మిషను అనేవారు.

వినేవాడు ఒక్కడే ఉండేవాడు. సుబేదార్ ముత్యాల పోతురాజుగారు. ఇరవై ఎనిమిదేళ్ళు చేసి దిగిపోయిన మనిషి. లోయలో నదిలోకి పడ్డ బస్సులోంచి తన మనుషుల్ని ముక్కలుగా పైకి తెచ్చాడట. దాంతో కాపురం చేయడం తనంతట తనే నేర్చుకున్నాడు. వినడంలో ఆయన్ని మించినవాడు లేడు. "ఊఁ" అంటాడు. కాసేపాగి "తర్వాతేంటి" అంటాడు. ఆ రెండు మాటలకి రాళ్ళు కూడా నోరు విప్పేవి. నాకు తెలియకుండా నేనే ఒకసారి పదో తరగతిలో చేసిన దొంగతనం ఆయనకి చెప్పేశాను.

ప్రతి సోమవారం ఆయనకి ఒక ఫారం పెట్టాలి. ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, వాసనలు ఇబ్బంది పెడుతున్నాయా అని ముప్పై ప్రశ్నలు, సున్నా నించి పది వరకూ అంకెలు. నేను ఫైలు పట్టుకుని వెళ్ళగానే ఆయన కుర్చీలో నిటారుగా అయిపోయేవాడు.

"ఏమైనా ఇబ్బందుందా సార్?"

"ఏం లేదు. అంతా బాగుంది."

ముప్పై ప్రశ్నలకీ ముప్పై సున్నాలు. నాలుగు వారాలు చూశాను. అయిదో వారం బుద్ధిమంతుడిలా కూర్చుని, రాబోయే ఆరు నెలల ఫారాలూ ముందే సున్నాలతో నింపేసి, తేదీలు కూడా వేసి, ఆ మిగిలిన సమయంలో ఫోన్లో క్రికెట్ చూశాను. కంప్యూటర్‌కి నా మీద అనుమానం రాకుండా నిద్ర దగ్గర ఒకచోట 'ఒకటి' కూడా వేశాను. ఆ 'ఒకటి' గురించి డైరెక్టర్‌గారు ఒక పేరాగ్రాఫు రాశారు.

ఏడు నెలల్లో పధ్నాలుగు మంది బాగుపడ్డారు. పధ్నాలుగు మందికీ వినేవాడు పోతురాజుగారే. విన్నవాడి బాధ సున్నా అని కాయితాల మీద ఉంది గనక, ఈ లోకంలోంచి బాధనే మాయం చేసే యంత్రాన్ని కనిపెట్టామని మా కేంద్రం ప్రకటించుకుంది. ఢిల్లీ నించి ముగ్గురు పెద్దలు చూడటానికి వస్తామని కబురు పెట్టారు.

వాళ్ళు రావడానికి వారం ముందు, పోతురాజుగారి భార్య మంగతాయారుగారు మా కేంద్రానికి వచ్చింది. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే కూర్చుంది.

"నువ్వేనా బాబూ తారకంటే. మా ఆయన నీ గురించి చెప్తా ఉంటారు, అల్లరోడని."

"కూర్చోండమ్మా పైన, కుర్చీ ఉంది."

"నాకు కుర్చీలొద్దు. ఇది చూడు." గిన్నెలు విప్పింది. అన్నం, పప్పు, చేప పులుసు, పెరుగు. ఏ గిన్నెలోనూ మెతుకు కదల్లేదు. "ఇది నిన్నటిది. మొన్నటిది గేదెలకి పెట్టేశాను. రెండు నెలలబట్టి ఆయన నాలుగు బిస్కట్లు, నీళ్ళు. అవి కూడా కళ్ళు మూసుకుని మింగుతారు. ముప్పై రెండేళ్ళు కాపురం చేశానయ్యా. ఇప్పుడు నేను దగ్గరకెళ్తే ముక్కు మూసుకుంటన్నారు. కావాలని కాదు. మూసుకుని, మళ్ళీ నన్ను చూసి, చెయ్యి తీసేసి, బాధపడతన్నారు. నాకు అదెక్కువ కష్టంగా ఉంది."

"ఆయన ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదనే చెప్పారమ్మా."

ఆవిడ నన్ను ఏదో పురుగుని చూసినట్టు చూసింది.

"ఫౌజులో నెలకోసారి దర్బారని పెడతారంట. పెద్దాఫీసరు వచ్చి, అందర్నీ కూర్చోబెట్టి, ఎవరికైనా కష్టముంటే లేచి చెప్పండంటాడంట. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కడూ లేవలేదంట. లేస్తే తన టోలీకి పరువు తక్కువంట. అలాంటాయన ముందుకి ఫైలు పట్టుకెళ్ళి ఇబ్బందుందా అని అడిగితే ఏం చెప్తారు? అడగాల్సింది నన్ను. నన్నెవరడిగారు?"

ఎవరూ అడగలేదు. ఫారంలో ఇంటివాళ్ళకి గడి లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఊరు రంగాపురం వెళ్ళాను. పోతురాజుగారు ఇంటి వెనక బోరింగు దగ్గర బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. మణికట్ల దాకా తోలు లేచిపోయి ఉంది. అది చూశాక వంకాయ గురించి నేను పడ్డ బాధ తలుచుకుంటే నాకే సిగ్గేసింది. మనిషి సగమయ్యాడు. లాగు నడుముకి తాడుతో కట్టుకున్నాడు.

"మీ బదులు ఫారాలు నేనే నింపాను సార్. మీరు చెప్పకముందే" అన్నాను.

"తెలుసు. సోమవారం రాకుండానే సంతకం తీసుకున్నావుగా." నవ్వాడు. "మంచిపని చేశావ్. నాకూ ముప్పై సార్లు అబద్ధం చెప్పే పని తప్పింది."

"నాకు మూడ్రోజుల్లో పోయింది. మీకెందుకు పోలేదు?"

"నీకు వంకాయతో సొంత పగేం లేదురా. వచ్చిన అసహ్యానికి కూర్చోడానికి చోటు దొరక్క లేచెళ్ళిపోయింది. నా లోపల ఆ గది ఎప్పట్నించో ఉంది. తలుపు తీసే ఉంది. పధ్నాలుగు మందివీ వచ్చి అక్కడే మంచాలేసుకున్నాయి." చేతులు వాసన చూసుకుని మళ్ళీ సబ్బు తీశాడు. "ఒక్కొక్కసారి ఏది నాదో కూడా తెలీదు. నేనెప్పుడూ ఎడారిలో చెయ్యలేదు. నిన్న ఎండలో ఒంటె శవం కంపుకొట్టింది."

"ఇక ఆపేయండి సార్."

"యేసుబాబు ఒక్కడే మిగిలాడు. ఆడిది తీసేసి ఆపేత్తాను. ఆడికి నాలుగు నెలల పిల్లుంది. పుట్టినప్పట్నించీ ముట్టుకోలేదంట. కూలిన బంకరులోంచి తొమ్మిదో రోజున స్నేహితుణ్ణి చేతుల్తో తవ్వి తీశాడు. ఆ చేతుల్తో పిల్లనెలా ఎత్తుకోనండీ అని నా ఎదురుగా ఏడ్చాడు. నేను ఆపేత్తే ఆడి సంగతేంటి?"

"ఇదీ వస్తే మీరు బతకరు."

ఆయన బోరింగు కొట్టి చేతుల మీద మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు.

నేను అటునించి అటే డైరెక్టర్‌గారి గదికి వెళ్ళి ఫారాల సంగతి మొత్తం ఒప్పుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోవాలని కూడా అనుకున్నాను. ఆయన ఫారాలు తిరగేసి చూశారు.

"చేతిరాత అన్నిట్లో ఒకేలా ఉంది. అది మంచిదే. ఒకే మనిషి నింపాడని తెలుస్తుంది."

"సార్, అవి అబద్ధాలు. ఆయన చచ్చిపోతున్నాడు."

"చూడు తారక్. పధ్నాలుగు మంది బాగుపడ్డది నిజమా కాదా? ఒక్కడికి కొంచెం ఆకలి తగ్గింది. వయసు కూడా ఉంది కదా. శుక్రవారం ఢిల్లీ పెద్దలు వచ్చి వెళ్ళాక ఆయనకి మంచి టానిక్ రాద్దాం." ఆ మాట అంటూ టిఫిన్ డబ్బాలోంచి ఇడ్లీ తీసుకుని, కారప్పొడిలో అన్ని వైపులా శ్రద్ధగా దొర్లించి, నములుతూ శుక్రవారానికి పూలదండలు ఎన్ని కావాలో లెక్కవేశారు. నా జీవితంలో యంత్రం లేకుండా పుట్టిన మొదటి సిసలైన అసహ్యం అది. ఇంతవరకూ ఆవిరి కాలేదు.

శుక్రవారం పెద్దలు ముగ్గురూ వచ్చారు. ముగ్గురూ చాలా శుభ్రంగా ఉన్నారు. వాళ్ళ ముందు పళ్ళేల్లో సమోసాలు, జీడిపప్పు పెట్టారు. వాళ్ళకి చూపించడానికి పిలిచిన యేసుబాబు వరండాలో కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు. డైరెక్టర్‌గారు దండలు సర్దుతుండగా నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీ కంపు ఎక్కడికెళ్తుందో తెలుసా?"

"గాల్లో కలిసిపోద్దన్నారు కదన్నా."

నేను చెప్పాను. సబ్బు, తాడు, గిన్నెలు, బిస్కట్లు, ఒంటె. అన్నీ చెప్పాను. యేసుబాబు తొడల కిందనించి చేతులు తీసి చూసుకున్నాడు. "మా పిల్ల పేరు హెప్సిబా అన్నా" అన్నాడు. అంతే. లోపల్నించి పిలుపొచ్చింది.

గదిలో పోతురాజుగారు అప్పటికే వినే కుర్చీ దగ్గర నిలబడి ఉన్నాడు. పాత కోటు తొడుక్కుని, పతకాలు పెట్టుకున్నాడు. యేసుబాబు నేరుగా వెళ్ళి ఆ వినే కుర్చీలోనే కూర్చుని టోపీ తగిలించుకున్నాడు.

"ఏరా, అటు కూర్చో. అది నాది" అన్నాడు పోతురాజుగారు నెమ్మదిగా.

"ఈరోజు మీరు చెప్పండి సాబ్. నేనింటాను."

"మతి పోయిందా నీకు?"

"దర్బారు అనుకోండి సాబ్. కష్టముంటే లేచి చెప్పమంటన్నాను. నాలాంటి చిన్న లాన్స్ నాయక్ అడుగుతున్నాడని తప్పించుకోకండి. పెద్దోళ్ళు చూస్తన్నారు."

పెద్దలు నిజంగానే చూస్తున్నారు. మామూలుగా అయితే పోతురాజుగారు వాణ్ణి మెడ పట్టుకుని లేపేవాడే. కానీ ఆఫీసర్ల ముందు సిపాయిలు ఇద్దరూ కీచులాడుకోవడం ఆయన రక్తంలో లేదు. డైరెక్టర్‌గారు కళ్ళతో నాకేదో సైగ చేశారు. నాకు అర్థం కానట్టు నటించి స్విచ్చి వేశాను. అర్థం కానట్టు ఉండటంలో నాకు మంచి అనుభవం ఉంది.

పోతురాజుగారు చెప్పే కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆయనకి చెప్పడం రాదు. "అది... బస్సు" అన్నాడు. ఆగాడు.

"ఊఁ" అన్నాడు యేసుబాబు.

"మంచు. కాదు, మంచు వేరేవాళ్ళది. నాది నది. తలుపు రాలేదు. కిటికీలోంచి..."

"తర్వాతేంటి?"

అప్పుడు కట్ట తెగింది. బస్సు వచ్చింది, మంటలు వచ్చాయి, ఒంటె వచ్చింది, పధ్నాలుగు మంది జీవితాలూ ఒకదాని మీద ఒకటి పడి ఆయన నోట్లోంచి వచ్చాయి. ఎవరి పేరు ఎవరికి తగిలిస్తున్నాడో ఆయనకే తెలియలేదు. యేసుబాబు మొహం ముందు పసుపుగా, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత నేను ఏ పెయింటు డబ్బాలోనూ చూడని రంగుగా మారింది. పదహారో నిమిషంలో టోపీ తీయకుండానే ముందుకి వంగి, ఢిల్లీ పెద్దాయన బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. రెండోసారి తివాచీ మీద. మూడోసారి పూలదండల మీద. ముగ్గురు పెద్దలూ ముక్కుల మీద రుమాళ్ళు వేసుకుని గోడకి అతుక్కుపోయారు.

ఇరవై నిమిషాలూ పూర్తయ్యాక, ఆ కంపు మధ్యలో పోతురాజుగారు టోపీ తీసి పక్కన పెట్టాడు. ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఒకసారి పీల్చాడు. లేచి, ఆ బూట్ల పెద్దాయన సగం కొరికి వదిలేసిన సమోసా పళ్ళెంలోంచి తీసుకుని, నిలబడే తినేశాడు. రెండోది కూడా తిన్నాడు. నాకు కడుపులో దేవేసింది. అంత అందంగా దేవెయ్యడం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

'పాల్గొన్న వ్యక్తికి కడుపు బాగోకపోవడం వల్ల ప్రదర్శన వాయిదా' అని డైరెక్టర్‌గారు రిపోర్టు రాశారు. పెద్దలు మళ్ళీ రాలేదు. రెండు నెలల్లో ప్రాజెక్టు మూతపడింది, డైరెక్టర్‌గారికి ఇంతకన్నా పెద్ద కేంద్రంలో ఇంతకన్నా పెద్ద గది దొరికింది. టోపీల్నీ, వాటి యంత్రం పెట్టెనీ తుక్కు జాబితాలో 'పాడైన కూలరు, ఒకటి' అని నేను రాశాను, రమణమూర్తిగారు సంతకం పెట్టాడు. కూలరు ఆటోలో రంగాపురం వెళ్ళింది.

ఎందుకంటే పోతురాజుగారు ఊరుకోలేదు. ఆ శుక్రవారం సాయంత్రమే యేసుబాబు కాలర్ పట్టుకుని, "నాది నాకిచ్చెయ్యి" అన్నాడు. యేసుబాబు ఇవ్వనన్నాడు. ఇద్దరూ బస్టాండులో గంటసేపు, ఒకరి కంపు కోసం ఒకరు, ఆస్తి పంచుకునే అన్నదమ్ముల కన్నా దారుణంగా పోట్లాడుకున్నారు. చివరికి మంగతాయారుగారు విసుక్కుని, "కాపలా డ్యూటీ మీరెప్పుడైనా ఒక్కడి నెత్తినే పెట్టారా? రెండేసి గంటలకి మారతారు కదా. దీనికేం రోగం?" అంది.

పోతురాజుగారు కాలర్ వదిలేశాడు. ఏడు నెలలపాటు ఇంతమంది చదువుకున్నవాళ్ళం కూర్చుని ఆ మాట అనుకోలేదు.

డ్యూటీకి ఇద్దరు చాలరు. ఆ పధ్నాలుగు మందికీ నేనే ఫోన్లు చేశాను. ఒకాయన షుగరన్నాడు. ఒకాయన తనే ఫోనెత్తి, ఈ నంబరు మారిపోయిందండి అని చెప్పి పెట్టేశాడు. ఒకాయన పోతురాజుగారెవరో గుర్తులేదన్నాడు. ఆయన పడకగదిలో పోతురాజుగారితో దిగిన ఫొటో ఉంది, నేనే తీశాను. ఒకాయన భార్య, "మా ఆయన ఇప్పుడు పిల్లల్తో నవ్వుతున్నారు బాబూ, దయచేసి ఇంకెప్పుడూ చెయ్యకు" అంది. ఆవిణ్ణి మాత్రం ఏమీ తిట్టుకోలేకపోయాను. మిగతావాళ్ళని ఇప్పటికీ పళ్ళు తోముకునేటప్పుడు వరసగా తిట్టుకుంటాను.

నలుగురు వచ్చారు. వీళ్ళిద్దరితో ఆరుగురు. ఆదివారం పొద్దున పది గంటలకి పోతురాజుగారి వసారాలో డ్యూటీ మారుతుంది. ఆ మొత్తాన్ని ఇద్దరు చెరిసగం మోస్తారు, నలుగురికి సెలవు. మోసేవాళ్ళు ఆ వారం తక్కువ తింటారు, సబ్బు ఎక్కువ అరగదీస్తారు, ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తారు. ఆదివారం వస్తుంది. ఎవరి కంపు ఎవరిదో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. పట్టిక మంగతాయారుగారు గోడ మీద బొగ్గుతో రాస్తుంది. నన్ను రాయనివ్వదు.

యేసుబాబుకి మొదటి సెలవు వారం రావడానికి చాలా రోజులు పట్టింది. కావాలనే వెనక్కి జరుపుకుంటూ వచ్చాడు. ఇంకొకళ్ళకి ఇవ్వండి, నాకిప్పుడే తొందరేం లేదు అనేవాడు. ఆఖరికి పోతురాజుగారు వినే కుర్చీలో తనే ముందుగా కూర్చుని, ఆజ్ఞ లాంటిదేదో హిందీలో అరిచాడు. యేసుబాబు చెప్పే కుర్చీలో కూర్చుని చెప్పాడు. బంకరు గురించి, తొమ్మిదో రోజు గురించి, స్నేహితుడి చేతి గడియారం ఇంకా నడుస్తూ ఉండటం గురించి. చెప్పి, టోపీ తీసి, వాకిట్లోకి వచ్చాడు.

వాకిట్లో వాళ్ళావిడ రూతు పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. హెప్సిబాకి అప్పటికి ఎనిమిదో నెల. బొద్దుగా, కోపంగా ఉంది.

యేసుబాబు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. అలవాటు.

"పట్టుకో, ఏం కాదు. కరవదు" అంది రూతు.

"కడుక్కొచ్చేదా?"

"మూడుసార్లు కడిగావు. పట్టుకో."

తీసుకున్నాడు. పిల్లని ఎలా పట్టుకోవాలో తెలియక, పేలే వస్తువుని పట్టుకున్నట్టు రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా గుండెకి ఆనించుకున్నాడు. హెప్సిబా ఆయన మొహం పరీక్షగా చూసింది. ముక్కు పట్టుకుంది. మొహం ఎర్రగా చేసుకుని, శరీరంలో ఉన్న బలమంతా ఒక్కచోటికి తెచ్చుకుని, ఆయన చొక్కా మీద, చేతుల మీద, మోచేతి దాకా ధారగా దొడ్డికి పోయింది.

అంత చిన్న పిల్లలో అంత సరుకు ఉండటం నేను ఏ శాస్త్రంలోనూ చదవలేదు. వసారాలో ఉన్న సిపాయిలు అయిదుగురూ లేచి వెనక్కి జరిగారు. ఆ రోజే డ్యూటీ ఎక్కిన పోతురాజుగారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. నేను గేటు అవతలకి వెళ్ళిపోయాను. రూతు "అయ్యో, ఇటియ్యి" అని చేతులు చాపింది.

యేసుబాబు ఇవ్వలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. వంగి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"పాలు సరిగ్గా అరగడం లేదేమోనే దీనికి" అన్నాడు.